చెరువులో మా షాపు

2025 ఫిబ్రవరి 2, ఆదివారం

మా షాపు చెరువులో ఉందట. ఇవాళే తెలిసింది.

పొద్దున పదకొండింటికి బాపు ఫోను మోగింది. బచ్చన్నపేట వైపు నుంచి ఒకాయన ఐదు హెచ్‌పీ బోరు మోటరును ట్రాలీ ఆటోలో వేసుకొని జనగామ వచ్చాడు. ఫోన్లో మ్యాపు పెట్టుకొని, అది తిప్పిన చోటల్లా తిరిగి, చివరికి ఊరవతల చెరువు కట్ట మీద ఆగాడు. "నీ షాపు నీళ్లల్ల ఉన్నదా మిస్త్రీ?" అని అరుపు. బాపు చేతుల నిండా గ్రీజు, ఫోను స్పీకర్లో ఉంది, అందరం విన్నాం.

"కట్ట మీదికి ఎందుకు వోయినవే? సూర్యాపేట రోడ్డు మీద టైర్ల షాపు పక్క సందు. ఎవర్నడిగినా చెప్తరు."

"ఎవర్నడగాలె? ఈడ బర్లు తప్ప మనిషి లేడు."

ఆటో ఆయన తనకు తెలిసిన ఇంకో షాపుకి తీసుకుపోయాడట. పని పోయింది. బాపు పెద్దగా పట్టించుకోలేదు. నాకు మాత్రం మధ్యాహ్నం అన్నం సయించలేదు. రోజంతా ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీ లెక్కలు ఒక్క పైసా తేడా రాకుండా సరిచేస్తాను. మా షాపు ఎక్కడుందో మాత్రం సరిచూసుకోలేదు.

సాయంత్రం వెతికితే నిజమే. నీలం రంగు మధ్యలో ఎర్ర గుర్తు, దాని పక్కన మా పేరు. ఫోటో కూడా ఉంది, పక్కనున్న టైర్ల షాపుది.

ఫిబ్రవరి 5, బుధవారం

ఎవరు పెట్టారో తేలింది. మూడేళ్ల కింద ఒక పిల్లగాడు బండి మీద వచ్చి, "నెట్ల పెడ్త సార్, ఫోన్లే ఫోన్లు" అని 3,500 తీసుకుపోయాడు. బాపు ఆ రశీదు కూడా దాచాడు, స్టార్టర్ గ్యారంటీ కార్డులతో కలిపి. దాని మీది నంబరుకి చేస్తే వాడుకలో లేదు. మ్యాపులో మా షాపు ప్రొఫైల్ ఇప్పటికీ వాడి మెయిల్ ఐడీ కిందే ఉంది. అంటే లోకం దృష్టిలో మా షాపుకి యజమాని వాడే.

యాజమాన్యం అడుగుతూ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్లో అర్జీ పెట్టాను. దీన్ని ఇదివరకు గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు, 2021లో పేరు మార్చారు. పాత యజమాని జవాబు ఇవ్వడానికి కొన్ని రోజుల గడువు ఉంటుంది, ఉలుకూ పలుకూ లేకపోతే మనం నిరూపించుకోవచ్చు. ఉలకడనే నా నమ్మకం.

ఫిబ్రవరి 13, గురువారం

ఉలకలేదు. ఇక వీడియో తీసి చూపించాలి. కత్తిరింపులు లేకుండా ఒకే ఊపులో తీయాలి. వీధి కనబడాలి, బోర్డు కనబడాలి, లోపల పనిముట్లు కనబడాలి, షాపు మనదేనని తెలిసేలా తాళం తీయడం లాంటిదేదో చూపాలి.

మొదటిసారి సందు మొదట్లో మొదలుపెడితే గొర్రెల మంద అడ్డం వచ్చింది, బోర్డు దాకా పోయేసరికి నిమిషంన్నర గొర్రెలే. రెండోసారి అంతా బాగా వచ్చింది. కానీ తీరా లోపలికి పోయేసరికి బేరింగ్ పుల్లర్ కనబడక బాపు షాపులో పనిచేసే చిన్నోడిని తిడుతున్నాడు. ఆ మాటలు అమెరికాలో ఎవరైనా తెలుగువాళ్లు వింటే మా పరువేం కాను? మూడోసారి షట్టర్ కిందికి దించి, తాళం వేసి, మళ్లీ నేనే తీశాను. లేత్ మిషన్, మెగ్గర్, గోడకి వేలాడే తీగ చుట్టలు, బిల్లు బుక్కు. బాపు స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు.

ఐదు పనిదినాలు పట్టొచ్చని రాశారు.

ఫిబ్రవరి 19, బుధవారం

వచ్చింది! గుర్తు మీద బొటనవేలు పెట్టి, చెరువులోంచి లాగి, కట్ట దాటించి, సందులోకి తెచ్చి సరిగ్గా మా షట్టర్ ముందు దింపాను. బాపుకి చూపిస్తే, "ఇంతేనా? దీనికి ఆ పిల్లగాడు మూడువేలైదొందలు తీసుకున్నడా" అన్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

హైదరాబాద్‌లో డిజిటల్ మార్కెటింగ్ చేసే చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. షాపు పేరు పక్కనే 'బెస్ట్ మోటార్ రివైండింగ్ ఇన్ జనగామ' అని తగిలించమంటాడు. అందరూ అదే చేస్తారట. నియమం మాత్రం బోర్డు మీద ఏ పేరుంటే ఆ పేరే పెట్టమంటోంది. పెట్టకపోతే ప్రొఫైల్ నిలిపేసే ప్రమాదం ఉంది. చెరువులోంచి ఇప్పుడే బయటికొచ్చాం, మళ్లీ మునగడం ఎందుకు?

అసలు చిక్కు వేరే. మా షాపు పేరేమిటి? బోర్డు మీద 'ఎలక్ట్రికల్ వర్క్స్'. బిల్లు బుక్కులో 'ఇంజనీరింగ్ వర్క్స్'. బ్యాంకు పాసుబుక్కులో బాపు పేరే. ఏదో డైరెక్టరీలో పాత ల్యాండ్‌లైన్ నంబరు, 'వరంగల్ జిల్లా' చిరునామా. 2016 అక్టోబరు దాకా అది నిజమే, తర్వాత మేం జనగామ జిల్లా అయ్యాం, డైరెక్టరీకి ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషులో జనగామ అనే మాటే మా కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. స్టేషన్ బోర్డు మీద ఉన్నట్టు ఒకటి, తెలుగు పలుకుబడికి దగ్గరగా ఒకటి, అక్షరాలు తారుమారైంది ఇంకొకటి. ఆ మూడోది మా రబ్బరు స్టాంపు మీదే.

మనిషికి ఇవన్నీ ఒక్క షాపే. మిషన్‌కి మాత్రం ముగ్గురు వేరు వేరు మనుషులు, ఎవరినీ గట్టిగా నమ్మదు. రాత్రి పదింటి దాకా కూర్చుని పేరు, చిరునామా, ఫోను నంబరు దొరికిన చోటల్లా ఒకే తీరుగా మార్చాను. బోర్డు మీదున్నదే ఖాయం. స్టాంపు కొత్తది చేయించాలి, 150 అడిగాడు.

మార్చి 2, ఆదివారం

వెబ్‌సైట్ మొదలు. డాట్ ఇన్ పేరు కొన్నాను. మొదటి ఏడాది చవక, రెండో ఏడాది నుంచి అసలు ధర. ఆ సంగతి చిన్నక్షరాల్లో ఉంటుంది, నేను చిన్నక్షరాలు చదివి బతికేదాన్నే కాబట్టి దొరికింది. గూగుల్ ఇదివరకు ప్రొఫైల్‌తో పాటు ఊరికే ఒక చిన్న సైటు కూడా ఇచ్చేది, 2024 మార్చిలో వాటిని మూసేసింది. ఆ పిల్లగాడు మాకు ఇచ్చానన్న 'వెబ్‌సైట్' అదే అయ్యుంటుంది. మన ఇల్లు మన జాగాలో ఉండటమే మేలు. హంగులేం లేవు, ఒక్క పేజీ.

ఏం రాయాలి? 'నాణ్యమైన సేవలకు నిలయం' అని మొదలుపెట్టి నాకే చిరాకొచ్చి కొట్టేశాను. ఊళ్లో స్వీట్ల షాపుకీ, చెప్పుల షాపుకీ అదే మాట.

మార్చి 4, మంగళవారం

సెలవు పెట్టి పొద్దంతా షాపులో కూర్చున్నాను, నోట్‌బుక్కుతో. యాసంగి వరి పొట్ట మీదుంది, బోర్లు అడుగంటుతున్నాయి. మోటర్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. గడప తొక్కగానే రైతు నోటి నుంచి వచ్చే మొదటి మాట రాసుకున్నాను, అంతే.

'మోటర్ కాలింది.' 'మూలుగుతుంది, తిరుగుతలేదు.' 'నీళ్లు కొడ్తలేదు.' 'స్టార్టర్ పట్టుతలేదు.' 'పైపు ముట్టుకుంటే జిల్లుమంటుంది.' 'ఎన్నడిస్తవ్?'

పద్నాలుగు మంది వచ్చారు. 'రివైండింగ్' అన్న మాట ఒక్కరు కూడా అనలేదు. ఆ మాట మా బోర్డు మీద ఉంది, బిల్లు మీద ఉంది, నేను రాయబోయిన పేజీ నెత్తిన ఉంది. జనం నోట్లో మాత్రం లేదు. ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడే మనిషి నోటికొచ్చిందే అడుగుతాడు. బోర్డు చదివి అడగడు కదా.

కాబట్టి పేజీలో పెద్దక్షరాల శీర్షికలు ఇవే పెడుతున్నాను. 'మోటర్ కాలిందా?' 'మూలుగుతోందా?' ఒక్కోదాని కింద నాలుగు ముక్కలు. రివైండింగ్ అన్న మాట కూడా ఉంటుంది. పక్క ఊరి మెకానిక్కులు, ఫ్యాక్టరీ వాళ్లు ఆ మాటతోనే వెతుకుతారు.

ధర రాద్దామంటే బాపు ఒప్పుకోలేదు. "రాగి రేటు ఇయ్యాల ఒకటి, రేపు ఒకటి. విప్పి చూడకుంట ధర చెప్పేటోడు దొంగ." సరే, ధర బదులు అది దేన్ని బట్టి మారుతుందో రాశాను. ఎన్ని హెచ్‌పీ, తీగ ఎంత బరువు పడుతుంది, బేరింగులూ బుష్షులూ అరిగాయా, నీళ్ల బుర్ర బాగుందా. ఇంత చెప్పినా రైతుకి కాస్త ధైర్యం.

మార్చి 9, ఆదివారం

ఫోటోలు. నా ఫోన్లో తీసినవి ఒక్కోటి నాలుగైదు ఎంబీ. బాపు ఫోన్లో షాపు వెనక సిగ్నల్ సరిగా అందని మూలకి పోయి పేజీ తెరిస్తే, తెల్లటి తెర చూస్తూ ఒక చాయ్ తాగొచ్చు. బావి దగ్గర నిలబడ్డ మనిషికి అంత ఓపిక ఎక్కడిది? ఫోటోలు వెబ్‌పీలోకి మార్చి వంద కేబీకి అటూ ఇటూ తెచ్చాను. అలంకారపు తెలుగు ఫాంటు ఒకటి ముచ్చటపడి పెట్టాను, అదీ తీసేశాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే తెలుగు అక్షరాలే చాలు. ఇప్పుడు టక్కున తెరుచుకుంటోంది.

ఫోను నంబరు మీద వేలు పెడితే కాల్ పోవాలి. మొదట ఆ నంబరును ఫోటోలో భాగంగా పెట్టాను, నొక్కితే ఏమీ కాదు. చిన్నోడే పట్టుకున్నాడు, "అక్కా, ఇది బొమ్మ" అని.

మార్చి 14, శుక్రవారం, హోలీ

సగం పూట సెలవు. బాపు చెంపల మీద గులాల్, ముందు బల్ల మీద విప్పిన మోటరు. నేను పక్కన కూర్చుని ఊరికే అడిగాను, ఎందుకు కాలిందో ఎట్లా తెలుస్తుందని. ఫోన్లో రికార్డింగ్ పెట్టాను, ఆయనకి చెప్పకుండా.

స్టేటర్‌ని వెలుతురు వైపు తిప్పాడు. లోపలికి చూస్తే తీగలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. కొన్ని గుత్తులు బొగ్గు. పక్కనే కొన్ని చెక్కు చెదరకుండా, కొన్నప్పటి రంగులోనే. "చూసినవా? మూడు ఫేజుల్ల రెండు కాలినయ్, ఒకటి మంచిగున్నది. అంటే లైన్ల ఒక ఫేజు పోయింది. కరెంటు వచ్చే రెండిట్ల మీదనే బరువంత వడ్డది. మోటర్ తిరగలేక మూలుగుతది, మూలిగి మూలిగి కాలుతది. స్టార్ కనెక్షన్ల గిట్లనే ఉంటది. అన్ని గుత్తులు ఒక్క తీరుగ నల్లగైతే వేరే కథ. వోల్టేజీ తక్కువనో, బోరు ఎండి మోటరుకు సల్లదనం అందకనో. ఇదిగో, ఇక్కడ ఒక్క కాడనే మాడితే తీగకు గీత వడ్డదన్నట్టు."

ఇంకా చెప్పాడు. 2018 జనవరి నుంచి పొలాలకి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక కూడా కొందరు ఆటో స్టార్టర్లు తీయలేదు. రైతు ఇంట్లో పడుకుంటాడు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటరు దానంతట అదే లేస్తుంది, బోరులో నీళ్లున్నాయో లేవో దానికేం తెలుసు. ఒక ఫేజు పోతే మోటరును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టుకుంటే సగం మోటర్లు కాలవని ఆయన లెక్క.

"ఇదంతా పేజీలో రాస్తా బాపూ."

"రాస్తె మనకు పనేముంటది?"

నవ్వుతూనే అన్నాడు కానీ, పూర్తిగా నవ్వు కాదది. నేను రాశాను, దానికో వేరే పేజీగా. విప్పిన మోటరు ఫోటోలు రెండు, పక్కపక్కన. నాకు ఇంతవరకూ ఒక్క విషయం మీద ఇంత సంబరంగా రాసిన గుర్తు లేదు. ఉద్యోగంలో రాసేవన్నీ 'పై విషయానికి సంబంధించి' బాపతే.

మార్చి 22, శనివారం

పొద్దున వెతికితే మొదట మేమే! ఎగిరి గంతేసి స్క్రీన్‌షాట్ తమ్ముడికి పంపాను. వాడు అడిగాడు, "ఎక్కడ కూర్చుని వెతికావు?" షాపులో. "షాపులో కూర్చుంటే నీ షాపే కనబడదా?"

గాలి తీసేశాడు. నిజమే. ఇలాంటి వెతుకులాటకి గూగుల్ మూడు చూస్తానంటుంది. అడిగినదానికి మనం చేసే పని సరిపోతుందా, అడిగిన మనిషికి ఎంత దూరంలో ఉన్నాం, మనకి ఎంత పేరుంది. దూరం నా చేతిలో లేదు. మా అత్తమ్మ వాళ్లది దేవరుప్పుల, అక్కడి నుంచి వెతకమంటే మేము నాలుగోవాళ్లం. లింగాల ఘనపురంలో ఉన్న స్నేహితురాలికి రెండో చోట కనిపించాం. ఒకే ప్రశ్న, మూడు ఊళ్లు, మూడు వరసలు. 'ఫస్ట్ ప్లేసు గ్యారంటీ, ఏడాదికి 12,000' అని నిన్న ఫోన్ చేసినాయన్ని ఈ మాటే అడగాల్సింది, ఏ ఊళ్లో నిలబడితే ఫస్టు అని. డబ్బు తీసుకుని ఆ వరసలో పైకి జరపనని గూగులే చెబుతుంది. ప్రకటన వేరు, దాని మీద ప్రకటన అని రాసే ఉంటుంది.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడిలో ఈసారి చేదే ఎక్కువైంది. వేప పువ్వు అమ్మ వేసింది, నన్నంటోంది.

దేవరుప్పుల బాధతో రెండు రాత్రులు కూర్చుని పదకొండు పేజీలు చేశాను. ఊరికొకటి, లోపల అదే మాట, ఊరి పేరు మాత్రం వేరు. ఇవాళ చదివితే సిగ్గేసింది. రఘునాథపల్లి మనిషి చదివినా, నర్మెట మనిషి చదివినా వాళ్ల ఊరి గురించి అందులో ఏమీ లేదు. పైగా ఇలాంటి పేజీలు వలలాంటివని గూగుల్ నియమాల్లోనే తప్పు పట్టారు. పదకొండూ తీసేశాను. వాటి బదులు ఒక్క ముక్క రాశాను. మోటరు పైకి తీసి తెచ్చే ముందు ఫోన్ చేయండి, స్టార్టర్ దగ్గరే తేలే పనైతే బోరు నుంచి పైపులు పీకే ఖర్చు తప్పుతుంది. ఇది ఏ ఊరికైనా పనికొచ్చేదే.

ఏప్రిల్ 6, ఆదివారం

రివ్యూలు. బాపు దగ్గర పనిచేయించుకున్నవాళ్లు వందల్లో ఉంటారు, రాసింది ఇద్దరు. వాళ్లలో ఒకరు మా అమ్మ. తమ్ముడు హాస్టల్ స్నేహితుల చేత ఆరు రాయించాడు, నన్నడక్కుండానే. 'సూపర్ సర్వీస్, ఫ్రెండ్లీ స్టాఫ్' అట. మా స్టాఫ్ అంటే చిన్నోడు, వాడు ఎవరితోనూ మాట్లాడడు. తీయించమని గట్టిగా చెప్పాను. తీసేలోపే మూడు వాటంతటవే మాయమయ్యాయి.

ఏప్రిల్ 12, శనివారం

ఒక్క స్టార్. 'మోటర్ ఇచ్చిన పది దినాలకే మళ్ల కాలింది. మోసం.'

జవాబు మూడుసార్లు రాశాను, మూడుసార్లు తుడిచాను. మొదటిది పోట్లాట, రెండోది కోర్టు నోటీసు, మూడోది ఏడుపు. బాపుకి చదివి వినిపిస్తే, "పేరేంది? ఏ ఊరు?" అన్నాడు. పేరు చూసి, బిల్లు బుక్కు మూడు నెలలు వెనక్కి తిప్పాడు. లేదు. ఎవరెవరినో అడిగి ఆయన నంబరు పట్టి ఫోన్ చేశాడు. పది నిమిషాలు మాట్లాడితే తేలిందేమంటే, ఆయన మోటరు ఇచ్చింది ఇంకో షాపులో. ఆ షాపు పేరులోనూ మా షాపు పేరులో ఉన్న దేవుడే ఉన్నాడు. ఈ ఊళ్లో ఆ దేవుడి పేరు లేని షాపులే తక్కువ.

బాపు ఆయనతో ఆ షాపును నిందించే ఒక్క మాట అనలేదు. "స్టార్టర్ల రిలే చూపించు, మూడు ఫేజులు వస్తున్నయా టెస్టర్ తోని చూడు" అన్నాడు. రాత్రికి ఆ ఒక్క స్టార్ పోయింది. కొత్తదేమీ రాయలేదు, తీసేశాడంతే.

వారం నుంచి బిల్లు వెనక క్యూఆర్ కోడ్ అచ్చు కొట్టిస్తున్నాం. 'మా పని ఎట్లున్నదో ఉన్నది ఉన్నట్టు రాయండి' అని. డిస్కౌంటు ఆశ పెట్టి రాయించకూడదు, బాగుందన్నవాళ్లనే ఏరి అడగకూడదు. ఇప్పటికి నాలుగు రివ్యూలొచ్చాయి. ఒకరు నోటితో చెప్పి రాయించినట్టున్నారు, చివర్న 'పంపు బటన్ ఎక్కడున్నది' అని కూడా పడింది. అదే నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఏప్రిల్ 20, ఆదివారం

సెర్చ్ కన్సోల్ చూశాను. ఏ మాటలు వెతికితే మా పేజీ కనబడిందో అది చూపిస్తుంది. పెద్ద అంకెలేం కావు. మన లాంటి సైటుకి రోజుకి పది మంది వస్తే పండుగ.

కానీ ఆ మాటలు! 'మోటర్ మూలుగుతుంది' తెలుగులో. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరి స్పెల్లింగు వారిది. 'మోటార్ వైండింగ్ ధర జనగామ', ఈ ధర అడగడం ఆగేట్టు లేదు. మా షాపు పేరుతో వెతికినవాళ్లకన్నా, హోలీ నాటి కాలిన తీగల పేజీ తెరిచినవాళ్లు ఎక్కువ. వాళ్లలో చాలామంది మన జిల్లా వాళ్లు కాకపోవచ్చు. మోటరు మోసుకుని ఇక్కడిదాకా రారు. వ్యాపారానికి వాళ్లతో ఒరిగేదేం లేదు. ఐనా చూసుకుంటే హాయిగా ఉంది.

బాపుకి మాత్రం హాయి లేదు. ఫోన్లు పెరిగాయి. సబ్‌మెర్సిబుల్‌కి తీగ ఎక్కించేటప్పుడు స్లాటుకి ఇన్ని చుట్లని నోటితో లెక్క పెట్టుకుంటూ పోతాడు, అటు నుంచి చిన్నోడు లాగుతాడు. మధ్యలో ఫోన్ మోగితే లెక్క పోతుంది. ఒక చుట్టు తక్కువైతే మోటరు వేడెక్కుతుంది. నిన్న ఒకే స్లాటు మూడుసార్లు విప్పాడట. "నీ నెట్టు నా లెక్క చెడగొట్టింది బిడ్డా" అన్నాడు. శని, ఆదివారాలు ఫోను నా దగ్గర ఉంచుకుంటానని ఒప్పందం.

ఏప్రిల్ 27, ఆదివారం

ఎండ మండుతోంది. షాపులో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి వేడిది. బాపు స్టేటర్ ముందు, చిన్నోడు అటువైపు. నేను గడప దగ్గర, చేతిలో ఫోను.

"పదకొండు... పన్నెండు..."

ఫోను మోగింది. ఎర్రగొల్లపహాడ్ నుంచి. నెట్‌లో నంబరు చూశాడట. మోటరు మూలుగుతోంది, నీళ్లు రావడం లేదు, మోటరు పైకి తీసి ఇప్పుడే తీసుకురావాలా అని అడుగుతున్నాడు. ఆ మూలుగు నాకు ఫోనులోనే వినిపిస్తోంది.

"ముందుగాల స్టార్టర్ బంద్ చెయ్యన్నా. ఇప్పుడే. చేసినవా? ఫ్యూజులు చూడు, మూడిట్ల ఒకటి పోయిందేమో. లైన్‌మన్‌తోని చూపిస్తే ఇంకా మంచిది. మూడు ఫేజులు వస్తేనే మళ్ల వెయ్యి, లేకుంటే వెయ్యకు."

ఫోను పెట్టేశాను. తీగ ఆగింది. బాపు తల తిప్పకుండానే అడిగాడు.

"ఎవరు?"

"ఎర్రగొల్లపహాడ్. ఫేజు పోయినట్టున్నది. మోటర్ బంద్ చేయమన్నా."

"చేసిండా?"

"చేసిండు."

"అయితె ఇగ రాడు," అని, ఎక్కించిన తీగ వెనక్కి లాగి మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు.